ముందు మీట, తర్వాతే తెర: చేతి పట్టు తక్కువున్న పిల్లలకి ఈ-రీడర్ ఎంపిక

చేతులు మాట వినని బిడ్డకి చదువుకునే సాధనం కొనాలనుకోగానే ఇంట్లో ఒకటే చర్చ: పుస్తకాలు చదవడానికే తయారైన కిండిల్ కొనాలా, ట్యాబ్ కొనాలా? అమలాపురంలో అడిగినా భీమవరంలో అడిగినా షాపు కుర్రాడు చెప్పేది తెర ఎన్ని అంగుళాలు, మెమరీ ఎంత, బ్యాటరీ ఎన్ని రోజులు వస్తుంది అనే. ఈ పిల్లల విషయంలో వీటన్నిటికంటే ముందు తేలాల్సిన సంగతి వేరే ఉంది. పేజీ తిప్పడానికి బిడ్డ ఒంట్లో ఏ కదలిక నమ్మకంగా పనికొస్తుంది? అది తెలియకుండా కొన్నది ఎంత ఖరీదైనదైనా నెల తిరిగేసరికి బీరువా ఎక్కుతుంది.

కాగితం పుస్తకంతో ఇబ్బంది అందరికీ తెలిసిందే. ఒక చెయ్యి పుస్తకాన్ని అదిమి పట్టాలి, రెండో చెయ్యి ఒక్క కాగితాన్నే వేరు చేయాలి, పుస్తకం మూసుకుపోకూడదు. కిండిల్ లాంటి ఈ-రీడర్ ఈ పనులన్నిటినీ ఒక్క తాకుడికి తగ్గించింది. కానీ ఆ తాకుడు ఎలా ఉండాలన్నది నిలకడైన వేలున్నవాళ్లని చూసి నిర్ణయించారు. ఒకే వేలు, ఒకే చోట, చటుక్కున తాకి వెంటనే లేవాలి. మన పిల్లలకి కష్టమైంది సరిగ్గా ఇదే.

ఆ కష్టం కూడా అందరిలో ఒకేలా ఉండదు. మెదడు దెబ్బతినడం వల్ల కదలికల మీద అదుపు తప్పే సెరిబ్రల్ పాల్సీలో, కండరాలు బిగుసుకుపోయే స్పాస్టిక్ రకం ఉంది. ఆ పిల్లలు తెరను తాకగలరు, చెయ్యి తీయడం దగ్గరే ఆలస్యమవుతుంది. వేలు కాసేపు అక్కడే ఉండిపోతే ఈ-రీడర్ దాన్ని పేజీ తిప్పమన్నట్టుగా కాక, పదాన్ని ఎంచుకున్నట్టుగా తీసుకుంటుంది. నిఘంటువు పెట్టె తెరుచుకుంటుంది. దాన్ని మూయాలంటే మళ్లీ గురి చూసి తాకాలి, మళ్లీ వేలు ఇరుక్కుంటుంది. పక్కన కూర్చున్నవాళ్లకి బిడ్డ చదవకుండా ఆడుకుంటున్నట్టు కనిపిస్తుంది. చెయ్యి దానంతటదే మెలికలు తిరిగే డిస్‌కైనెటిక్ రకంలో తాకుడు జారుడైపోతుంది. ఒక పేజీ కోసం చెయ్యి వేస్తే నాలుగు పేజీలు దాటి ఏదో మెనూలో తేలుతుంది. వణుకు ఉన్నవాళ్లకి ఒక తాకుడు మూడు తాకుళ్లవుతుంది.

కండరాలు రానురాను బలహీనపడే డుషేన్ మస్క్యులర్ డిస్ట్రఫీ ఉన్న పిల్లలది దీనికి పూర్తిగా తిరగేసిన కథ. వాళ్ల వేళ్లకి గురి ఉంటుంది, బలం ఉండదు. రెండు వందల గ్రాముల కిండిల్‌ని కూడా పట్టుకుని ఉండలేకపోవచ్చు గానీ, తెర వేళ్లకి అందేలా నిలబెడితే చక్కగా తిప్పుకుంటారు, ఎందుకంటే ఇప్పటి టచ్ తెరకి ఒత్తిడి అక్కర్లేదు, వేలు ఆనితే చాలు. అలాంటి బిడ్డకి పెద్ద ప్లాస్టిక్ బటన్ తెచ్చిస్తే మేలు బదులు బరువవుతుంది. "బటన్ ఉంటే మంచిది" అని ఎవరైనా గుండుగుత్తగా చెబితే, ఏ పిల్లల గురించి చెబుతున్నారో అడగాలి.

సెరిబ్రల్ పాల్సీలో ఇంకో చిక్కుంది. కొందరిలో తల ఒక పక్కకి తిరిగితే ఆ వైపు చెయ్యి దానంతటదే చాచుకుపోతుంది. పసితనంలో అందరికీ ఉండి, తర్వాత పోయే రిఫ్లెక్స్ ఇది, వీళ్లలో కొందరికి మిగిలిపోతుంది. తెరను పక్కన పెడితే చూడటానికి తల తిప్పాలి, తిప్పగానే చెయ్యి అదుపు తప్పుతుంది. అందుకే తెర ఎప్పుడూ ముఖానికి ఎదురుగా, నడిమధ్యలో ఉండాలి. నొక్కే మీట మాత్రం చెయ్యి ఎక్కడుంటే అక్కడ ఉండాలి. తెర ఒకచోట, మీట ఇంకోచోట అనే ఏర్పాటు సౌకర్యం కోసమే అనుకోనక్కర్లేదు, ఒక్కోసారి అది తప్పనిసరి.

టచ్ తెర గురించి గోదావరి డెల్టావాళ్లు విడిగా ఆలోచించాల్సిన సంగతి తడి. ఇప్పటి తెరలు చర్మంలోని విద్యుత్ గుణాన్ని పట్టుకుని పనిచేస్తాయి. నీటి బొట్టు కూడా వాటిని మోసం చేయగలదు. మే నెల ఉక్కపోతలో చెమట పట్టిన అరచెయ్యి, సెరిబ్రల్ పాల్సీ పిల్లల్లో తరచుగా కనిపించే చొంగ, ఈ రెండూ తెర మీద పడితే ఎవరూ తాకకుండానే పేజీలు తిరుగుతాయి. వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్న మోడల్ తీసుకుంటే పరికరం పాడవదు, అంతే. ఈ దొంగ తాకుళ్లు ఆగవు. తుడవడానికి మెత్తటి నూలు గుడ్డ పక్కన ఉండాల్సిందే. చొంగ ఎక్కువగా ఉన్న బిడ్డకైతే తాకుడు లేని పద్ధతి, అంటే దూరంగా పెట్టిన మీట వైపే మొగ్గాలి.

ఆ మీట ఎక్కడ పెట్టాలో కనిపెట్టడానికి ఖరీదైన పరీక్షలేమీ అక్కర్లేదు. ఎలక్ట్రికల్ షాపులో కొన్ని వందలకి దొరికే వైర్‌లెస్ కాలింగ్ బెల్ సరిపోతుంది. నొక్కే బటన్ చిన్నది, తేలికైనది, ఎక్కడైనా అతికించవచ్చు. ఒక రోజు పిడికిలి కింద, ఒక రోజు మోచేతి పక్కన, ఇంకో రోజు మోకాలి దగ్గర, ఆ తర్వాత కుర్చీలో చెంప పక్కన పెట్టి చూడాలి. బటన్ మరీ చిన్నదైతే దాని మీద ఒక సీసా మూత అతికిస్తే చోటు పెరుగుతుంది. బెల్లు మోగుతుంది కాబట్టి బిడ్డకి అది ఆట. చూసే పెద్దవాళ్లు మాత్రం రెండు సంగతులు గమనించాలి. నొక్కమన్నప్పుడు నొక్కుతున్నాడా అన్నది ఒకటి. నొక్కొద్దన్నప్పుడు ఊరుకోగలుగుతున్నాడా అన్నది రెండోది, ఎక్కువమంది వదిలేసేది దీన్నే. ఆగకుండా బెల్లు మోగించే చెయ్యి ఎంత చురుగ్గా కనిపించినా పేజీ తిప్పడానికి పనికిరాదు. మెల్లగా కదిలినా, అనుకున్నప్పుడే నొక్కి అనుకున్నప్పుడే వదిలే మోకాలు దానికంటే వెయ్యి రెట్లు నయం.

ఈ పరీక్ష పొద్దున్న ఒకసారి, బడి నుంచి వచ్చి అలసిపోయాక ఒకసారి చేయాలి. పొద్దున్న బాగా పనిచేసిన చెయ్యి సాయంత్రానికి మొరాయించడం మామూలే. ఇంట్లో చదువుకునేది ఎక్కువగా సాయంత్రాలే కదా! ఫిజియోథెరపిస్టు సలహా దొరికితే చాలా మంచిది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో ఉన్న భవిత కేంద్రాల ప్రత్యేక ఉపాధ్యాయులకి బిడ్డ కదలికలు ఇప్పటికే తెలిసి ఉంటాయి. వాళ్లని "ఏ పరికరం కొనమంటారు" అని అడిగేకంటే "వీడికి ఏ కదలిక మీద పట్టుంది" అని అడిగితే పనికొచ్చే జవాబు వస్తుంది.

కదలిక దొరికాక పరికరం సంగతి. కిండిల్‌లో కాగితంలా కనిపించి కళ్లకి హాయినిచ్చే ఇ-ఇంక్ తెర ఉంది, అరుగు మీద ఎండలో కూడా అక్షరం కనిపిస్తుంది, ఛార్జింగ్ వారాల తరబడి వస్తుంది. కానీ ఈ పిల్లల కోణంలో అది మూసిన పెట్టె. దాని బ్లూటూత్ వినడానికే తప్ప రిమోట్ కలపడానికి కాదు. పక్కన నిజమైన బటన్లున్న ఒయాసిస్ మోడల్‌ని అమెజాన్ 2024లో ఆపేసింది. ఇక మిగిలిన దారి, తెర అంచుకి క్లిప్పులా పట్టుకుని రిమోట్ నొక్కగానే వేలిలా తెరను తాకే చిన్న పరికరాలు. ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, పనిచేస్తాయి. కాకపోతే క్లిప్పు కొంచెం జరిగినా తాకుడు తప్పుతుంది, దాని ఛార్జింగ్ వేరు, రిమోట్ ఛార్జింగ్ వేరు. ఇంట్లో ఇప్పటికే కిండిల్ ఉంటే ఈ క్లిప్పు కొనవచ్చు. దీనికోసమే కొత్తగా కిండిల్ కొనడం మాత్రం తెలివైన పని అనిపించుకోదు.

ఇ-ఇంక్ తెరే కావాలంటే ఆండ్రాయిడ్ మీద నడిచే బూక్స్ (Boox) కంపెనీవి లాంటివి ఉన్నాయి. వాటికి బ్లూటూత్ రిమోట్ గానీ కీబోర్డ్ గానీ కలపవచ్చు, నచ్చిన రీడింగ్ యాప్ వేసుకోవచ్చు. ధర ఎక్కువ, మన ఊళ్ల షాపుల్లో దొరకవు, చెడిపోతే బాగుచేసేవాళ్ల కోసం హైదరాబాద్ దాకా వెతుక్కోవాలి. ఇ-ఇంక్‌కి ఇంకో స్వభావం ఉంది, తెర మారడానికి ఒక్క క్షణం ఆలస్యం. నొక్కిన వెంటనే ఏమీ కదలకపోతే బిడ్డ మళ్లీ నొక్కుతాడు, రెండు పేజీలు పోతాయి. కష్టపడి నొక్కిన పిల్లలకి ఫలితం వెంటనే కనపడాలి. మీట ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నవాళ్లకి మామూలు ట్యాబ్ తెరే మేలు. పైగా ఏడెనిమిదేళ్ల లోపువాళ్ల పుస్తకాలంటే బొమ్మలే. బూడిద రంగు తెర మీద రంగుల బొమ్మల కథ చూపిస్తే ఎవరికి సరదా పుడుతుంది? చూపు కూడా దెబ్బతిన్న పిల్లలైతే ఆ బూడిద నేపథ్యంలో అక్షరం తేలక ఇంకా ఇబ్బంది పడవచ్చు.

ఇలా చూస్తే మొదటి సాధనంగా చాలా ఇళ్లకి సరిపోయేది మామూలు ఆండ్రాయిడ్ ట్యాబే. 2022 డిసెంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకి ట్యాబ్‌లు పంచింది. అక్కయ్యదో అన్నయ్యదో అలాంటిది ఇంట్లో ఉంటే, కొత్తది కొనే ముందు దాని మీదే ప్రయోగం చేయవచ్చు.

ట్యాబ్‌కి మీట కలపడానికి చవకైన దారి సెల్ఫీ రిమోట్. ఫోన్ కవర్లు అమ్మే ప్రతి షాపులో ఉంటుంది. నొక్కినప్పుడు అది ఫోన్‌కి పంపేది వాల్యూమ్ పెంచే సంకేతమే. ఆండ్రాయిడ్‌లో కిండిల్ యాప్, గూగుల్ ప్లే బుక్స్, మూన్ ప్లస్ రీడర్ లాంటివి వాల్యూమ్ బటన్‌తో పేజీ తిప్పే సెట్టింగ్ ఇస్తాయి. ఆ రెండూ కలిస్తే సెల్ఫీ బటన్ పేజీ తిప్పే మీట అయిపోతుంది. ఒక మెలిక ఉంది. సాధారణంగా వాల్యూమ్ తగ్గిస్తే తర్వాతి పేజీ, పెంచితే వెనక పేజీ. రిమోట్ పంపేది పెంచే సంకేతం కాబట్టి కథ వెనక్కి నడుస్తుంది. ఈ రెంటినీ తారుమారు చేసుకోనిచ్చే యాప్ ఎంచుకోవాలి, మూన్ ప్లస్‌లో కుదురుతుంది. నొక్కి పట్టుకుంటే పేజీలు వరసగా పరుగెత్తుతున్నాయా అన్నది కూడా మొదటి రోజే చూసుకోవాలి. చెయ్యి తీయడం ఆలస్యమయ్యే పిల్లలకి అది పెద్ద తలనొప్పి. ఐప్యాడ్‌లో ఈ వాల్యూమ్ కిటుకు పనిచేయదు. అయితే ఐప్యాడ్‌లో తాకుడు ఎంతసేపు ఉంటేనే లెక్కలోకి తీసుకోవాలో, వరస తాకుళ్లని ఎంతసేపు పట్టించుకోకూడదో సెకన్లలో పెట్టుకోవచ్చు. వణుకుతున్న వేలికి అంత వివరంగా సర్దుబాటు ఇచ్చేది వేరేది దొరకడం కష్టం. డబ్బుకి వెనకాడని ఇంట్లో, టచ్‌తోనే చదవగలిగే బిడ్డకి ఐప్యాడ్ కొనడంలో అర్థముంది.

సెల్ఫీ రిమోట్ చిన్నది, పిడికిలితో కొట్టే బిడ్డకి అందదు. వాళ్లకి మౌస్. మామూలు వైర్‌లెస్ మౌస్ అడుగున వెలుగొచ్చే కన్నానికి నల్ల ఇన్సులేషన్ టేపు అతికిస్తే బాణం గుర్తు కదలదు. ముందే దాన్ని పేజీ కుడి అంచు మీదికి తెచ్చి ఆపితే, ఎడమ బటన్ మీద పడిన ప్రతి దెబ్బా అక్కడ ఒక తాకుడవుతుంది. దెబ్బ ఇంకా పెద్ద మీట మీద పడాలంటే, టంకం పెట్టగల రేడియో మెకానిక్ చాలు. పాత మౌస్ విప్పి, ఎడమ బటన్ కింది రెండు కొసల నుంచి తీగలు లాగి, 3.5 మిల్లీమీటర్ల సాకెట్ పెట్టమనాలి. పాత ఫోన్ల ఇయర్‌ఫోన్ గుచ్చే సాకెట్ సైజే ఇది. వికలాంగుల కోసం తయారయ్యే పెద్ద గుండ్రటి స్విచ్‌లు దాదాపు అన్నీ ఇదే పిన్నుతో వస్తాయి. ఒకసారి ఈ సాకెట్ పెట్టించుకుంటే మోకాలి స్విచ్, చెంప స్విచ్, కాలి స్విచ్ ఏదైనా మార్చి మార్చి వాడుకోవచ్చు. బిడ్డ పెరిగేకొద్దీ కదలికలు మారతాయి, అప్పుడు స్విచ్ ఒక్కటే మారుతుంది, మిగతా ఏర్పాటంతా అలాగే ఉంటుంది.

ఒక జాగ్రత్త. ఈ చిన్న రిమోట్లలో వాడేది బొత్తాం ఆకారపు బిళ్ల బ్యాటరీ. పిల్లలు దాన్ని మింగితే గొంతులో కొన్ని గంటల్లోనే కాలిన గాయాలు చేస్తుంది, ప్రాణాల మీదికి వస్తుంది. మూతకి స్క్రూ ఉన్న రిమోటే కొనాలి, లేకపోతే గట్టి టేపుతో చుట్టేయాలి. ప్రతిదీ నోట్లో పెట్టుకునే బిడ్డ ఉన్న ఇంట్లో తీగ ఉన్న మౌసే క్షేమం.

పుస్తకాల దగ్గరికొస్తే తెలుగు పాఠకుడికి ఇంకో మలుపు ఎదురవుతుంది. 2016లో అమెజాన్ భారతీయ భాషల్లో కిండిల్ పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఎంచుకుంది, తెలుగుకి చోటివ్వలేదు. మన పుస్తకాలు డిజిటల్‌లో ఎక్కువగా దొరికేది పి.డి.ఎఫ్.లే, అందులోనూ చాలావరకు స్కాన్ చేసిన బొమ్మలు. వాటిలో అక్షరం పెద్దది చేయాలంటే రెండు వేళ్లతో సాగదీసి, పక్కకి జరుపుకుంటూ చదవాలి. చేతి పట్టు లేని బిడ్డకి ఇంతకంటే పెద్ద అడ్డంకి లేదు. ఇ-పబ్ రూపంలో ఉన్న పుస్తకమైతే అక్షరం పెంచినా వరసలు వాటంతటవే సర్దుకుంటాయి. పరికరం కొనే ముందు ఒక తెలుగు ఇ-పబ్ అందులో తెరిచి, వత్తులు, గుణింతాలు విడిపోకుండా వస్తున్నాయో లేదో షాపులోనే చూసుకోవాలి.

తెలుగు మాటలు పొడుగు, వత్తుల వల్ల వరసల మధ్య ఎడం కూడా ఎక్కువ కావాలి. అదే అక్షర పరిమాణంలో ఇంగ్లీషు పేజీకంటే తెలుగు పేజీలో తక్కువ మాటలు పడతాయి. 3,000 మాటల కథ ఉందనుకుందాం. పేజీకి 60 మాటలు పట్టే చిన్న తెరలో 50 సార్లు నొక్కాలి, 150 మాటలు పట్టే పెద్ద తెరలో 20 సార్లు చాలు. ఒక్కో నొక్కుడికీ ఒళ్లంతా బిగబట్టే బిడ్డకి ఆ తేడా కథ పూర్తవడానికీ సగంలో ఆగడానికీ ఉన్న తేడా. చేతిలో పట్టుకునే పని లేదు కాబట్టి బరువు గురించి బెంగ అక్కర్లేదు, పది అంగుళాల తెరే తీసుకోవచ్చు. బడి పుస్తకాలకీ అదే నయం. ఒకవైపు ఇంగ్లీషు, ఎదురుగా తెలుగు ఉండే మన ద్విభాషా పాఠ్యపుస్తకాల పి.డి.ఎఫ్. చిన్న తెర మీద చీమల బారులా కనిపిస్తుంది. ట్యాబ్‌ని అడ్డంగా పెట్టి వెడల్పుకి సరిపడా చూపించే యాప్‌లో తెరిస్తే, ఒక్కో నొక్కుడికి పేజీలో ఒక్కో ముక్క కిందికి దిగుతుంది.

చిన్న పిల్లల కథలకి ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ ఉంది. 2015లో మొదలైంది, తెలుగు కథలు ఉచితం, చదివే స్థాయిని బట్టి వేరు చేసి ఉంటాయి. పెద్ద పిల్లలకి సుగమ్య పుస్తకాలయ గురించి చెప్పాలి. 2016లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఈ ఆన్‌లైన్ గ్రంథాలయం చూపు లేనివాళ్ల కోసమే అని చాలామంది అనుకుంటారు. కానీ 2014లో ప్రపంచంలో అందరికంటే ముందు భారతదేశం ఆమోదించిన మరకేష్ ఒప్పందం, శారీరక లోపం వల్ల పుస్తకాన్ని పట్టుకోలేనివాళ్లని, పేజీలు తిప్పలేనివాళ్లని కూడా అర్హుల్లో చేర్చింది. 2012లో మన కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ కూడా వికలాంగుల కోసం పుస్తకాన్ని చదవగలిగే రూపంలోకి మార్చుకోవడానికి అనుమతిస్తుంది. చేతుల లోపానికి సదరం ధ్రువపత్రం ఉన్న కుటుంబాలు ఈ దారిలో అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

కూర్చోబెట్టే ఏర్పాటుకి పెద్దగా ఖర్చుండదు. వడ్రంగి చేత ప్లైవుడ్‌తో వాలు బల్ల చేయించి, కింద అంచుకి ఒక పట్టీ కొట్టించి, అడుగున పాత సైకిల్ ట్యూబు ముక్కలు అతికిస్తే జారదు. వికలాంగుల పరికరాలు తయారుచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ అలింకో శిబిరాల్లో ఇచ్చే సి.పి. (సెరిబ్రల్ పాల్సీ) కుర్చీకి ముందు పలక ఉంటుంది, దాని మీద పెట్టుకోవచ్చు. ఎటు కావాలంటే అటు వంగే పొడుగు మెడ ఉన్న ఫోన్ స్టాండ్లు మాత్రం టచ్ చేసే పిల్లలకి పనికిరావు. తాకిన ప్రతిసారీ తెర ఊగుతుంది, వెంట కళ్లూ ఊగుతాయి. మీట విడిగా ఉన్నవాళ్లకి ఆ స్టాండే బాగుంటుంది, మంచం మీద పడుకుని కూడా చదవచ్చు.

లంక గ్రామాలవాళ్లు ఇంకోటి లెక్కేసుకోవాలి. ధవళేశ్వరం దగ్గర 13 లక్షల క్యూసెక్కులు దాటి రెండో ప్రమాద హెచ్చరిక వచ్చిందంటే దారులు మునగడం, కరెంటు పోవడం మామూలే. రోజూ ఛార్జింగ్ అడిగే ట్యాబ్‌కి అప్పుడు పవర్ బ్యాంక్ ఉండాలి, పుస్తకాలన్నీ ముందే డౌన్‌లోడ్ చేసి ఉండాలి, రిమోట్ బ్యాటరీలు రెండు అదనంగా ఉండాలి. ఇ-ఇంక్ పరికరానికి నిజంగా పైచేయి దొరికేది ఈ వారాల్లోనే.

ట్యాబ్‌కున్న అసలు ప్రమాదం యూట్యూబ్. చెల్లి వచ్చి వీడియో పెట్టేస్తుంది, లేకపోతే పొరపాటు తాకుడుతో బిడ్డే బయటికి వచ్చేస్తాడు. ఆండ్రాయిడ్‌లో యాప్ పిన్నింగ్, ఐప్యాడ్‌లో గైడెడ్ యాక్సెస్ పెడితే పుస్తకం దాటి బయటికి పోలేరు. ఐప్యాడ్‌లోనైతే టచ్‌ని పూర్తిగా ఆపేసి మీటతోనే నడిపించవచ్చు కూడా.

పుస్తకం ఎంచుకోవడం, తెరవడం మొదట్లో పెద్దవాళ్లే చేసిపెట్టవచ్చు. మీటతోనే పరికరమంతా నడిపించనిచ్చే స్విచ్ యాక్సెస్ అనే సెట్టింగ్‌తో అదీ బిడ్డ చేతికి అప్పగించే వీలుంది, కానీ తెర మీద కదిలే చట్రాన్ని చూసి సరైన క్షణంలో నొక్కడం వేరే విద్య, దానికి నెలలు పడుతుంది. దానికంటే ముందు రావాల్సింది వెనక్కి వెళ్లే మీట. ముందుకి తిప్పడం కుదరగానే చాలా ఇళ్లలో అక్కడితో ఆపేస్తారు. ఒక వాక్యం అర్థం కాకపోయినా, చెయ్యి అదిరి రెండు పేజీలు దాటిపోయినా ఈ పిల్లలు "అమ్మా, వెనక్కి తిప్పు" అని పిలవాలి, మాట స్పష్టంగా రాని బిడ్డ అదీ పిలవలేడు, తెలియని కథనే ముందుకి తోసుకుంటూ పోతాడు. అందుకే బెల్లు పరీక్ష చేసేటప్పుడే రెండో స్థానంలో వచ్చిన కదలిక ఏదో రాసి పెట్టుకోవాలి. ముందుకి తిప్పడం అలవాటయ్యాక, అప్పటిదాకా ఖాళీగా ఉన్న ఆ మోకాలి దగ్గరో చెంప పక్కనో వెనక్కి మీట బిగించవచ్చు.